చంద్రునిపై ఎవరూ తవ్వని బావి

చంద్రబిలాలు అనగానే మనం టైకో, కోపర్నికస్ వంటి పెద్దవాటినే తలచుకుంటాం. పాఠం నేర్చుకోవడానికి మాత్రం చిన్న బిలమే మేలని నా అభిప్రాయం. పెద్దవాటిలో నడుమ శిఖరం లేచి, గోడలు మెట్లు మెట్లుగా జారి, మొదటి రూపం చెదిరిపోతుంది. చిన్నదాంట్లో గిన్నెవంటి గుంట, చుట్టూ ఎత్తైన అంచు, దూరం పోయేకొద్దీ పలచబడే రాళ్లూ మట్టీ, అంతే. లోతు సుమారుగా వ్యాసంలో ఐదో వంతు.

ఫ్రా మౌరో ప్రాంతంలో ఒక గుట్ట నెత్తిన ఉన్న 'కోన్' బిలం ఇటువంటిదే. వ్యాసం 340 మీటర్లు, లోతు 75 మీటర్లు. మా ఊరి చెరువు ఇంతకంటే పెద్దది!

సెకనుకు పది పదిహేను కిలోమీటర్ల వేగంతో వచ్చే ఉల్క నేలలో గుచ్చుకుని ఊరుకోదు. దాని గతిశక్తి క్షణంలో వేడిగా, ఆఘాత తరంగంగా మారిపోతుంది. రాతిబావిలో మందు పెట్టి పేల్చినట్లన్నమాట. అందుకే ఉల్క ఏటవాలుగా వచ్చినా, మరీ నేలబారుగా వస్తే తప్ప, గుంట గుండ్రంగానే పడుతుంది.

తర్వాతి సంగతి నాబోటి రైతుబిడ్డలకు సులభం. బావి తవ్వేచోట గట్టుమీద మొదట పడేది నల్లమట్టి. దానిమీద సుద్ద, ఆపైన గరుసు, చివరకు రాతిముక్కలు. నేలలో అడుగున ఉన్నది గట్టున పైకొస్తుంది. బిలం అంచున కూడా పొరలు ఇలాగే తిరగబడి పడతాయి. పైమట్టి వేగంగా ఎగిరి దూరం పోతుంది. లోతునుంచి లేచిన రాయి వేగం చాలక అంచు పక్కనే కూలబడుతుంది. తేడా ఒక్కటే. బావిలో తవ్వినదంతా గట్టుకు చేరుతుంది. బిలంలో మాత్రం వ్యాసంలో సుమారు పదో వంతు లోతుదాకా ఉన్నదే బయటపడుతుంది. ఆ కిందిది అణిగి, పక్కలకు నెట్టుకుపోతుంది.

కనుక లోతు రాయి కావాలంటే అంచుకు పోవాలి. 1971 ఫిబ్రవరి 6న అపోలో 14 వ్యోమగాములు అలన్ షెపర్డ్, ఎడ్గార్ మిచెల్ రెండు చక్రాల బండి లాక్కుంటూ ఆ గుట్ట ఎక్కింది ఇందుకే. ఇంబ్రియం అనే మహాబిలం పుట్టినప్పుడు ఎగిరివచ్చి అక్కడ పరుచుకున్న రాయి పైమట్టి కింద ఉంది. అది కావాలి. నేల ఎగుడుదిగుడు. ప్రతి దిబ్బా అంచులాగే కనిపించింది. గుండె వేగం హెచ్చింది, వేళ మించింది. అంచు చూడకుండానే వెనుదిరిగారు. 2009లో చంద్రుని చుట్టూ తిరిగే నౌక తీసిన ఫొటోలు పరిశీలిస్తే, వాళ్లు అంచుకు ముప్పై మీటర్ల దాకా వెళ్లినట్లు తేలింది!

దీన్ని వైఫల్యమని రాసినవాళ్లున్నారు. నేనొప్పుకోను. బావిలోకి తొంగి చూడకపోయినా గట్టుమీది రాయి చేతికందితే అడుగున ఏముందో తెలిసినట్లే కదా! వాళ్లు తెచ్చిన సుమారు తొమ్మిది కిలోల 'బిగ్ బెర్తా' రాయి ఆ అంచు సమీపంలో ఏరినదే. రాళ్లు పగిలి, ముక్కలు తిరిగి అతుక్కుని, మళ్లీ పగిలి ఏర్పడిన రాయి అది. ఇంబ్రియం వయస్సు సుమారు 390 కోట్ల సంవత్సరాలని తేల్చడానికి ఈ యాత్ర రాళ్లు ఆధారమయ్యాయి.

కోన్ వయస్సు తెలిసిన తీరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. భూమిలో ఉన్నంతకాలం రాయికి విశ్వకిరణాలు తగలవు. బయటపడ్డాక తగిలి, లోపల నియాన్, ఆర్గాన్ వంటి వాయువుల పరమాణువులు కొద్దికొద్దిగా పుడతాయి. వాటిని లెక్కిస్తే రాయి ఎన్నాళ్లుగా ఎండలో ఉందో తెలుస్తుంది. జవాబు, సుమారు రెండున్నర కోట్ల ఏళ్లు. చంద్రుని లెక్కలో నిన్నమొన్నటి బావి.

మనం అంత దూరం పోనక్కర్లేదు. మహారాష్ట్ర బుల్ఢాణా జిల్లాలో లోణార్ ఉంది. నల్లరాతిలో పడిన 1.8 కిలోమీటర్ల బిలం. దాని అంచున తిరగబడిన పొరలు ఇప్పటికీ చూడవచ్చు. వచ్చే ఏడు జియాలజీ విభాగం వారి విజ్ఞానయాత్ర అటు వేస్తే, బస్సులో నాకొక సీటు ఉంచవలసిందిగా లెక్చరర్లకు మనవి.