క్రికెట్ పచ్చికను గీరు యంత్రము

క్రికెట్ ఆటను చూచువారి కన్నులు బంతిమీదను బ్యాటుమీదను నిలిచియుండును. ఆ రెంటికిని నడుమనున్న నేలను తలచువారు తక్కువ. ఆట నియమముల ప్రకారము రెండు వికెట్ల నడుమ దూరము 22 గజములు, అనగా 20.12 మీటర్లు, పిచ్ వెడల్పు 10 అడుగులు, అనగా 3.05 మీటర్లు. బౌలరు వేసిన బంతి ఈ కొద్దిపాటి స్థలములో నేలను తాకి యెంత యెత్తు లేచునో బ్యాటు పట్టినవాడు ఊహింపగలిగినచో అది ఆట యగును. ఊహింపలేనిచో అపాయ మగును. ఇది మాటవరుసకు చెప్పుట కాదు. 1870వ సంవత్సరము జూన్ నెలలో లండను నగరమందలి లార్డ్స్ మైదానమున నాటింగ్‌హాంషైర్ జట్టువాడగు జార్జి సమ్మర్స్ ఆడుచుండగా బంతి హఠాత్తుగా లేచి తలకు తగిలెను. కొన్ని దినములకే ఆతడు మరణించెను. నేలలోని చిన్న రాతిని తాకి బంతి యట్లు లేచెనని చెప్పుదురు. ఆతని తరువాత ఆడవచ్చిన రిచర్డ్ డాఫ్ట్ తలకు తువ్వాలు చుట్టుకొని వచ్చెనట! నేడు ఆటగాండ్రు హెల్మెట్లు ధరింతురు. అయినను నేలను బాగుచేయు పని తగ్గలేదు, హెచ్చినది.

ఆ పనులలో నొకదానిని గూర్చియు, దానికి వాడు యంత్రమును గూర్చియు మేమిచ్చట వ్రాయుచున్నాము. ఆ యంత్రమునకు స్కారిఫయరని పేరు. పచ్చిక మొదళ్లను గీరి శుభ్రపఱచుట దాని పని.

గడ్డి పెరుగుచున్నకొలది దాని పాత కాండములును వేళ్లును చచ్చుచుండును. మట్టిలోని సూక్ష్మజీవులు వానిని మట్టిలో కలిపివేయుచుండును. కాని పిచ్ మట్టి బంకమట్టి. దానిని రోలరుతో మాటిమాటికి అణచి గట్టిపఱతురు. గాలి చొరని అట్టి నేలలో సూక్ష్మజీవుల పని మందగించును. అందువలన చచ్చిన పదార్థము మొదళ్లకును మట్టికిని నడుమ చాపవలె పేరుకొనును. దీనిని ఆంగ్లేయులు థాచ్ అందురు. ఆ మాటకు గుడిసెమీది కప్పుగడ్డి యని అర్థము. పేరు చక్కగా కుదిరినది. ఈ చాప మందమైనకొలది బంతి పఱుపుమీద పడినట్లు పడి, లేవవలసినంత లేవక, నెమ్మదిగా పోవును. అంతకంటెను గొప్ప కీడు లోపల జరుగును. ఏటేట పిచ్ మీద క్రొత్తమట్టి పలుచగా చల్లుదురు గదా! పాత చాపను తీయకయే దానిపై మట్టి చల్లినచో రెండు మట్టి పొరల నడుమ మెత్తని పొర చిక్కుకొనును. పొరలు ఒండొంటిని పట్టుకొనవు. వేళ్లు ఆ పొరను దాటి లోనికి దిగవు. అప్పు డెంత రోలరు త్రొక్కించినను ఆ నేలకు బిగువు రాదు. ఇట్టి దోషము బయటికి కనబడదు గనుక, దానిని కొన్ని యేండ్లవఱకు ఎవరును కనుగొనకపోవుటయు కలదు.

1830లో ఇంగ్లండు దేశమున గ్లాస్టర్‌షైర్ యందు ఎడ్విన్ బడ్డింగు, ఉన్నిబట్టమీది నూగును కత్తిరించు యంత్రమును చూచి, పచ్చికకోత యంత్రమును కల్పించెను. ఆ యంత్రము గడ్డి కొనలను మాత్రమే కోయును. స్కారిఫయరు మొదళ్లలోనికి పోవును. దాని యడుగున అడ్డముగా ఒక ఇరుసు, ఆ ఇరుసుమీద నిలువుగా గ్రుచ్చిన పలుచని ఉక్కు కత్తులు వరుసగా ఉండును. ఇంజను తిప్పగా ఆ కత్తులు మిక్కిలి వడిగా తిరిగి, సన్నని చాళ్లు తీయుచు చచ్చిన గడ్డిని పైకి లాగివేయును. చాలు లోతు యంత్రమునకుగల రోలరును ఎత్తుటచేతను దించుటచేతను మాఱును. మన పల్లెలలోని గుంటకను ఎఱిగిన బాలురకు ఇది క్రొత్త సంగతి కాదు. గుంటక పాస నేలక్రింద అడ్డముగా పోయి కలుపు మొదళ్లను కోయును, ఈ కత్తులు నిలువుగా పోవును, భేద మంతియే. నాగటికఱ్ఱు మొద్దుపోగానే రైతు కమ్మరి కొలిమికి గొనిపోయి సాగగొట్టించుకొనును. వేలకొలది రూపాయలు పోసి కొన్న యంత్రమునకు ఆపాటి శ్రద్ధ దొరకకపోవుట వింత.

విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. ఒక పిచ్ వైశాల్యము 61 చదరపు మీటర్లకు కొంచెము మించును. ప్రక్కప్రక్కన పది పిచ్‌లున్న మైదానమున 613 చదరపు మీటర్లు గీరవలెను. యంత్రపు వెడల్పు అర మీటరైనచో ఒకసారి యంతయు గీరుటకు 1,226 మీటర్లు నడువవలెను. సంవత్సరాంతపు పనిలో ఏటవాలుగా దిక్కులు మార్చి నాలుగు మారులు గీరినచో దాదాపు 5 కిలోమీటర్లు. కత్తుల నడుమ ఎడము 25 మిల్లీమీటర్లైనచో యంత్రమున 20 కత్తులుండును. అన్నియు కలిసి తీసిన చాళ్ల పొడవు నూఱు కిలోమీటర్లకు ఇంచుక తక్కువ! అదియు మెత్తని తోటమట్టిలో కాదు, బంకమట్టిలో. కత్తు లరుగుట ఆశ్చర్యమా?

ఈ పనికి కాలము తప్పరాదు. ఇంగ్లండులో ఆటలు సెప్టెంబరు నెలలో ముగియును. గడ్డిని పొట్టిగా కోసి, నేలను తడిపి, గీరి, చెత్త నెత్తి, రైగ్రాసు విత్తనము చల్లి, పాతమట్టికి సరిపోవు మట్టినే పైన పఱతురు. చలి ముదిరి నేల చల్లబడక మునుపే విత్తనము మొలవవలెను. మన దేశమునను ఆస్ట్రేలియాలోను సంగతి వేఱు. ఇచ్చట పిచ్‌మీద పెంచునది పొలముగట్లమీద మన మెఱిగిన గరికయే, దానిలో ఏరి కూర్చిన రకములు. రైతునకు అది శత్రువు, ఆటగానికి మిత్రము. గరిక ప్రాకుతీగలతో అల్లుకొనును గనుక చాప మఱింత త్వరగా కట్టును; కాని వేడిలో చురుకుగా పెరుగును గనుక, నీరున్నచో, వెచ్చని కాలమున గీరిన గాయమును తానే మాన్పుకొనును. చలికాలమున గీరిన గరిక మానదు. ఎచ్చటనైనను తగిన దినములు కొలదియే. ఆ దినములలో ఒక బెల్టు తెగి యంత్రము నిలిచినచో, బెల్టు వెల యెంత యని కాదు, పోయిన వారము వెల యెంత యని అడుగవలెను.

ఇక యంత్రరక్షణకు వత్తము. మొట్టమొదట చెప్పవలసినది వ్రేళ్ల సంగతి. ఇంజను నిలిపి, ఇరుసు పూర్తిగా ఆగువఱకు వేచి, స్పార్కు ప్లగ్గు తీగ నూడదీసిన పిదపనే కత్తుల దగ్గఱ చేయి పెట్టవలెను. బ్యాటరీతో నడచు యంత్రమైనచో తాళమునో బ్యాటరీనో తీసివేయవలెను. ఇంజను ఆగియున్నను, చేతితో ఇరుసును త్రిప్పినప్పుడు అది రగులుకొనుట అసంభవము కాదు. మందమైన తొడుగులు లేక కత్తులను ముట్టరాదు. పాఠశాల మైదానమున ఈ యంత్రమును విద్యార్థులకు అప్పగింపరాదని మా దృఢాభిప్రాయము. వారు దూరమున నిలిచి చూచి నేర్చుకొనవచ్చును.

కత్తులు మూడు విధముల చెడును. అంచు గుండ్రమై మొద్దుపోవుట మొదటిది. మొద్దు కత్తి కోయదు, చింపును. చచ్చిన గడ్డితోపాటు బ్రదికిన మొక్కలను వేళ్లతో పెల్లగించును. గీరిన చాళ్ల అంచులు శుభ్రముగా తెగియున్నవా, పీచులు పీచులుగా రేగియున్నవా యని వంగి చూచినచో కత్తుల స్థితి తెలియును. రెండవది, రాతికో ఇనుముకో తగిలి వంగుట లేక విఱుగుట. బౌలర్ల బూట్ల అడుగునుండి ఊడిపడిన ఇనుపమేకులు పచ్చికలో దాగియుండును. గీరుటకు ముందు పిచ్ అంతయు నడచి వానిని ఏరివేయవలెను. ఒక పెద్ద అయస్కాంతమును నేలపై లాగినచో చాలవఱకు దొరకును. టంగ్‌స్టన్ కార్బైడు కొనలు తొడిగిన కత్తులు చాలకాల మరుగవు గాని, గట్టితనముతోపాటు పెళుసుతనమును కలవి. ఒక్క రాతిదెబ్బకు కొన యెగిరిపోవచ్చును. మూడవది, సమముగా అరుగకపోవుట. ఒకటి రెండు కత్తులు విఱిగినవని వానిని మాత్రమే క్రొత్తవి వేసినచో, క్రొత్తవి లోతుగను పాతవి పైపైనను పోవును; పైగా ఇరుసు తూకము తప్పి యంత్రము వణకును. ఆ వణకు మెల్లగా బేరింగులను తినివేయును. కావున కత్తులను జతగా అన్నింటిని మార్చుటయే మేలు. పొదుపు చేయదలచినవారు, అంతగా అరుగని పాత కత్తులను దాచి, విఱిగినదాని స్థానమున అంతే అరిగినదానిని వేయుదురు. ఇది మెచ్చదగిన పద్ధతి. కొన్ని యంత్రములలో కత్తులను త్రిప్పి వేసి రెండవ అంచును వాడుకొనవచ్చును.

కత్తు లరిగినప్పుడు యంత్రముమీది లోతు గుర్తులు అబద్ధమాడును. గుర్తు ఆఱు మిల్లీమీటర్లని చూపుచుండగా కత్తి మూడే దిగుచుండవచ్చును. దీనికొక సులభమైన ఉపాయ మున్నది. చదునైన గచ్చుమీద, కోరిన లోతెంతయో అంత మందముగల రెండు పలకలను ఉంచి, యంత్రపు ముందు వెనుకల రోలర్లు వానిపై నిలుచునట్లు పెట్టవలెను. పిమ్మట కత్తుల కొనలు గచ్చును ఇట్టే తాకువఱకు ఇరుసును దించి బిగింపవలెను. కుడి కొనను ఎడమ కొనను వేఱువేఱుగా చూడవలెను. ఒక వైపు దిగియున్నచో పిచ్ మీద ఒక ప్రక్క చాళ్లు లోతై మఱియొక ప్రక్క గీతలు మాత్రమే పడును. తుదకు పిచ్ వెలుపల ఒక గజము గీరి, చాలులో కొలబద్ద నిలిపి చూచుట మఱవరాదు. గచ్చు చెప్పినది నేల ఒప్పుకొనవలెను గదా.

పని ముగిసిన సాయంకాలము యంత్రమును కడుగు పద్ధతిలో చాలమంది తొందరపడుదురు. నీటిగొట్టము వడిగా పట్టినచో మట్టి పోవును, నిజమే. దానితో నీరు బేరింగుల సీళ్లను దాటి లోపలకు చొచ్చి గ్రీజును పాడుచేయును. బంకమట్టి ఆఱిన పిమ్మట కఱ్ఱపుల్లతోను గట్టి కుంచెతోను రాల్చుట ఉత్తమము. కత్తుల నడుమనుండు గుండ్రని ముక్కల సందులలోను, ఇరుసు కొనలయందును గడ్డిపీచు త్రాడువలె చుట్టుకొనియుండును. దానిని కోసి తీయకున్నచో అది సీలును ఒరసి చింపును. ఇరుసును చేతితో మెల్లగా త్రిప్పి, గరగర ధ్వని వినబడునా, పైకి క్రిందికి ఆడించినచో ఆడునా యని చూడవలెను. ఆడినచో బేరింగు మార్చవలసినదే. గ్రీజు కుప్పెతో పెట్టు బేరింగులకు కొలదిగా పెట్టవలెను. ఎక్కువ యైనచో సీలే పగులును. మూసిన బేరింగులకు గ్రీజు పెట్టు పని లేదు.

బెల్టునకు నూనె తగులరాదు, గొలుసునకు నూనె లేక జరుగదు. ఈ రెంటిని తారుమాఱు చేయువారున్నారు. బెల్టు ప్రక్కలు అద్దమువలె మెఱయుచున్నను, లోపలి వైపు చీలికలు కనబడినను క్రొత్తది వేయవలెను. దాని బిగువు యంత్రముతో వచ్చిన పుస్తకములో చెప్పినంత యుండవలెను. వదులైనచో జాఱి కాలును, అతిబిగువైనచో బేరింగులను లాగును.

గీరు పని దుమ్ము పని. కావున ఇంజనులో నూనెకంటె ముందుగా గాలి వడపోతను చూడవలెను. స్పాంజి వడపోతను కడిగి ఆఱబెట్టవచ్చును. కాగితపు వడపోతను కడుగరాదు, తట్టి దులుపవలెను, నల్లబడినచో మార్చవలెను. నూనె మట్టమును ప్రతిదినము చూచుట ఇంజను నడుపు వారందఱు ఎఱిగినదే.

ఏడాదికి కొలది వారములే పనిచేయు యంత్రము పనివలన కంటె ఊరక పడియుండుటవలననే యెక్కువగా చెడును. నేటి పెట్రోలులో ఎథనాలు కలిసియుండును. అది గాలిలోని తేమను పీల్చుకొనును. నెలల తరబడి తొట్టిలో నిలిచిన పెట్రోలు చెడి, జిగురుగా మాఱి, కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూసివేయును. కావున తొట్టిని ఖాళీ చేసి, మిగిలినది తీఱి ఇంజను దానంతట ఆగువఱకు నడిపి నిలుపవలెను. కత్తులకు పలుచగా నూనె పూసి, ఇరుసు నేలకు తగులకుండ యంత్రమును చెక్కదిమ్మెలపై నెత్తి, వాన జల్లు పడని కొట్టములో ఉంచవలెను. వానకాలపు తేమ మన సముద్రతీరపు జిల్లాలలో ఉక్కును ఎంత త్వరగా తినునో కిటికీ కమ్ములను చూచినవారికి చెప్పనక్కఱలేదు.

కొట్టపు గోడకు ఒక అట్ట వ్రేలాడదీసి, కత్తులు మార్చిన తేదీ, బెల్టు సంఖ్య, బేరింగు సంఖ్య, చివరిసారి నిర్ణయించిన లోతు వ్రాసియుంచవలెను. విడిభాగములు మన యూళ్లలో అడిగిన దినమున దొరకవు. పని మొదలుపెట్టుటకు రెండు నెలల ముందు ఆ యట్టను చదివి, ఒక బెల్టును, ఒక జత బేరింగులను, కొన్ని కత్తులను తెప్పించి అదే కొట్టములో నూనెగుడ్డలో చుట్టి పెట్టినచో — బెల్టును మాత్రము నూనెగుడ్డకు దూరముగా వేఱే మేకునకు తగిలించి — గీరవలసిన ఉదయమున పనివాడు నేరుగా పిచ్ మీదికి పోవచ్చును.