గానుగ నూనె ఫిల్లింగ్ మిషన్: నాజిల్ కదలిక, టైమింగ్ సరిచేసుకునే పద్ధతి

పోయినసారి వీడియోలో మా వేరుశనగ గానుగ చూపించాను. ఈసారి వీడియోలో నూనెను టిన్నుల్లో నింపే ఆటోమేటిక్ మిషన్ సెట్టింగులు చూపిస్తున్నాను. నేను చేసిన తప్పు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

మా దగ్గర ఎప్పుడూ నూనె తీసుకునే ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "బాబూ, నూనె బాగుంది గానీ తూకం తగ్గింది, చూసుకో" అన్నారు. వెంటనే మిగిలిన టిన్నులు కాటా మీద పెట్టాను. 910 గ్రాములు ఉండాల్సిన నూనె 880 మాత్రమే ఉంది. మిషన్ పాడవలేదు. ముందురోజు మధ్యాహ్నం ఎండలో టైమ్ సెట్ చేసి, మర్నాడు చలి పొద్దున అదే టైమ్‌తో నింపాను. చల్లబడితే నూనె చిక్కబడుతుంది, మెల్లగా దిగుతుంది. పైగా పై ట్యాంకు సగమే ఉంది. టిన్ను కాబట్టి లోపల ఎంత ఉందో కంటికి కనబడదు.

వేరుశనగ నూనె 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే చిక్కదనం సుమారు సగానికి పడిపోతుంది. అందుకే మాలాంటి మిషన్‌కు, అంటే పై ట్యాంకు నుంచి నూనె దిగి, వాల్వు తెరుచుకున్నంత సేపు నింపే మిషన్‌కు, ఒక్కసారి సెట్ చేస్తే సరిపోదు.

1. ముందు కదలిక
మిషన్ ఆపి, నాజిల్ టిన్ను మూతికి సరిగ్గా మధ్యలో దిగేలా బిగించండి. కొన అడుగుకు ఒక సెంటీమీటరు పైన ఆగాలి. పైనుంచి పోస్తే నురగ వస్తుంది. దిగే వేగం మొదట తక్కువ పెట్టి, అంచుకు తగలకపోతే కొద్దికొద్దిగా పెంచండి. నూనె మట్టంతో పాటు నాజిల్ మెల్లగా పైకి రావాలి. ఇది పూర్తయ్యాకే టైమ్ జోలికి వెళ్లండి. కదలిక మారిస్తే దిగే నూనె కూడా కాస్త మారుతుంది.

2. నింపే టైమ్
నీళ్లతో సెట్ చేయొద్దు, నూనెతోనే చేయండి. ఖాళీ టిన్ను కాటా మీద పెట్టి సున్నా చేయండి. వరుసగా 10 టిన్నులు నింపి, నూనె తూకం సగటు తీయండి. మాకు 18 సెకన్లకు 880 గ్రాములు వచ్చింది. 880ని 18తో భాగిస్తే సెకనుకు 48.9 గ్రాములు. నాకు కావాల్సింది 915 (5 గ్రాములు మొగ్గు). 915ని 48.9తో భాగిస్తే 18.7 సెకన్లు. అది పెట్టి మళ్లీ 10 టిన్నులు తూచాను. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు.

3. ఆగే టైమ్
వాల్వు మూసుకున్నాక నాజిల్ ఒక సెకను అక్కడే ఆగాలి. వెంటనే పైకి లేస్తే చుక్కలు టిన్ను మీద పడి లేబుల్ పాడవుతుంది. చుక్కలు ఆగకపోతే ఇంకో అర సెకను పెంచండి. చుక్కను వెనక్కి లాగే ఏర్పాటు మీ మిషన్‌లో ఉంటే కొంచెమే వాడండి. ఎక్కువైతే గాలి లోపలికి పోయి తర్వాతి టిన్ను తక్కువ వస్తుంది.

4. రోజూ చేయాల్సింది
ట్యాంకు మట్టం సగానికి తగ్గనివ్వకండి. పొద్దున, మధ్యాహ్నం మొదటి మూడు టిన్నులు తూచి, నూనె వేడి, టైమ్, తూకం ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నెల తిరిగేసరికి ఏ వేడికి ఎంత టైమో మీ చేతిలో ఉంటుంది.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం ఒక లీటరు ప్యాకెట్‌కు ఒప్పుకునే గరిష్ఠ తేడా 15 మి.లీ., అంటే నూనెలో సుమారు 14 గ్రాములు. నాది 30 గ్రాములు తక్కువ! వంట నూనె లేబుల్ మీద లీటర్లతో పాటు తూకం కూడా రాయాలని, ఉష్ణోగ్రత రాయొద్దని 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చెప్పింది.

ఆ బ్యాచ్‌లో అమ్మిన ప్రతి టిన్నుకూ బదులు కొత్త టిన్ను పంపాను. పెద్దావిడకు నేనే ఇచ్చి వచ్చాను. మందులు లేకుండా పండించామంటే జనం మన మాట మీదే నమ్ముతున్నారు. పంటను ఇంట్లో పరీక్షించుకోలేరు గానీ, తూకం మాత్రం ఏ వంటింట్లోనైనా తేలిపోతుంది. అక్కడ తప్పితే మిగతా మాట ఎవరు నమ్ముతారు?

మీ మిషన్ ముందు నిలబడి, వీడియో ఆపి ఆపి చూస్తూ చేయండి. ఉంటాను.