వెనుక చక్రాలూ, తడి నేలా

ఈ సంచికలో కవితలూ కథలూ ఎలాగూ వుంటాయి. నేను రాస్తున్నది ట్రాక్టరు టైర్ల గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా క్లాసులో సగంమంది ఇళ్ళలో ట్రాక్టరైనా వుంది, ట్రాక్టరు బాడుగకు తెచ్చుకునే పొలమైనా వుంది. ఘర్షణ బలం అభిలంబ బలానికి అనులోమానుపాతంలో వుంటుందని అందరమూ బట్టీ పట్టినవాళ్ళమే. ఆ సూత్రం మన రేపల్లె మాగాణిలో ఎంతవరకు చెల్లుతుందో మాత్రం ఏ గైడులోనూ లేదు. మా బాబాయి ట్రాక్టరు ముందు చక్రాలు గాలిలోకి లేచిన రోజున నాకది తెలిసింది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. కోసిన వరి పనల మీద వుండగానే వాన పట్టుకుంది. నీళ్ళు తీశాక నాలుగో రోజున బాబాయి ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి చేలోకి దింపాడు. పనలు ఇంకొక్క రోజు నానితే మొలకలు వచ్చేస్తాయని ఆయన తొందర. టైర్లా, ఎనిమిదేళ్ళనాటివి, గుండు. జత టైర్లంటే ఎకరం కౌలు డబ్బు కావాలి గనుక 'వచ్చే పంటకి చూద్దాం' అని మూడు పంటలుగా అనుకుంటూనే వున్నారు.

సగం లోడు ఎక్కేసరికి వెనుక చక్రాలు వున్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. బాబాయి యాక్సిలేటరు తొక్కాడు. తొక్కినకొద్దీ చక్రం గొయ్యి తవ్వుకుని ఇరుసుదాకా దిగిపోయింది.

ఇక్కడ లెక్క వేసి చూద్దాం. మన వైపు ఎక్కువగా కనిపించే నలభై గుర్రాల బలం ట్రాక్టరు బరువు రెండు టన్నులకు అటూఇటూ వుంటుంది. ఇంజను శక్తి వెళ్ళేది వెనుక చక్రాలకే కాబట్టి, బరువులో ఎక్కువ భాగం, సుమారు 1200 కిలోలు, వాటి మీద పడేటట్టు చేస్తారు. పొడి తారురోడ్డు మీద రబ్బరు ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే పట్టు 840 కిలోలు. బరువు పెంచితే పట్టు పెరుగుతుంది. అమెరికాలో మిచిగన్‌లో వుండే మా మేనమామ కొడుకు ఒకసారి ఫోనులో చెప్పాడు - అక్కడ వెనుక చక్రాలతో నడిచే కార్లున్నవాళ్ళు చలికాలం డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకునేవారట. మంచుగడ్డ మీద గుణకం 0.1కి పడిపోతుంది. అందుకని వెనుక బరువు పెంచి బండి కదిలించుకోవడం. (బ్రేకు వేసినప్పుడు ఆ బస్తా ఏమీ వుపకారం చెయ్యదు. దానికి చలిలోనూ గట్టిపడని రబ్బరుతో చేసిన చలికాలపు టైర్లే కావాలి.)

మరి మన చేలో? మా ట్రక్కు మీద కూడా పనల బరువు వుంది, ఇద్దరు కుర్రాళ్ళు మడ్‌గార్డుల మీద ఎక్కి కూర్చున్నారు కూడా. ఎందుకు కదల్లేదు? ఈ ప్రశ్నకు జవాబు విద్యుత్తు పాఠంలో వచ్చే కూలుంబే చెప్పాడు. ఆయన అసలు సైన్యంలో ఇంజనీరు, కోటగోడలు కట్టించినవాడు. 1773లో సమర్పించిన వ్యాసంలో నేల బలాన్ని రెండు ముక్కలుగా విడదీశాడు. ఒకటి బరువుతో పెరిగే ఘర్షణ. రెండోది మట్టిరేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే సంసంజనం. దీనికి బరువుతో పని లేదు, ఎంత వైశాల్యం మీద పట్టుకున్నామన్నదే ముఖ్యం. ఇసుకలో మొదటిదే వుంటుంది. నానిన నల్లరేగడిలో దాదాపు రెండోదే మిగులుతుంది.

మెత్తటి బురద చదరపు సెంటీమీటరుకు 100 గ్రాముల లాగుడు తట్టుకుంటుందనుకుందాం. ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు 34 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల పొడవు అనుకుంటే రెండు టైర్లకూ 3400 చదరపు సెంటీమీటర్లు. అంటే పట్టు 340 కిలోలు, అంతే! ట్రక్కూ తడిసిన పనలూ కలిసి మూడు టన్నులు. బురదలో దాన్ని లాగడానికి బరువులో అయిదో వంతు బలం కావాలన్నా 600 కిలోలు. 340తో 600 ఎలా లాగుతుంది? యాక్సిలేటరు తొక్కడంవల్ల ఇంజను బలం పెరుగుతుందిగాని మట్టి బలం పెరగదు. మడ్‌గార్డుల మీద కూర్చున్న కుర్రాళ్ళు చక్రాన్ని ఇంకాస్త లోతుకు దించారు, అంతకంటే చేసిందేమీ లేదు. మిచిగన్‌లో గట్టెక్కించే బస్తా రేపల్లెలో ముంచుతుంది.

తరువాత జరిగింది చెప్పాలి. ఎవరో ఒక తుమ్మ మొద్దు తెచ్చారు. వెనుక చక్రాల ముందు అడ్డంగా పెట్టి గొలుసుతో రెండు చక్రాలకీ బిగించారు. చక్రం మొద్దునెక్కి బయటపడుతుందని ఆలోచన. మన వూళ్ళలో చాలామంది చేసే పనే. బాబాయి ఫస్టు గేరులో క్లచ్చి వదిలాడు. మొద్దు అడ్డుపడి చక్రం తిరగలేదు. ఇంజను తిప్పే బలం ఎక్కడికో అక్కడికి పోవాలి గదా! న్యూటన్ మూడో సూత్రం ప్రకారం ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరగడం మొదలుపెట్టింది. ముందు చక్రాలు లేచాయి. నడుమెత్తు, ఛాతీయెత్తు. "బాబాయ్, క్లచ్చి!" అని అరిచానట, నాకు గుర్తు లేదు. ఆయన తొక్కాడు. ట్రాక్టరు ధడాలున ముందుకు పడింది. ఇంకో సెకను ఆలస్యమైతే వెనక్కి తిరగబడి బాబాయి స్టీరింగుకీ బురదకీ మధ్య వుండేవాడు. చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత ఆయన బీడీ వెలిగించుకోబోతే అగ్గిపుల్ల నిలవలేదు.

కాబట్టి దిగబడిన ట్రాక్టరుకు మొద్దు కట్టకూడదు. ముందు ట్రక్కు విప్పెయ్యాలి. చక్రాల వెనుక మట్టి పారతో తీసి, గడ్డో పలకో వేసి, వచ్చిన దారినే రివర్సులో బయటికి తేవాలి. రివర్సులో ముందు భాగం లేవదు, కిందికే నొక్కుకుంటుంది. రాకపోతే ఇంకో ట్రాక్టరుతో వెనుకనుంచి లాగించాలి. గొలుసు ఎప్పుడూ ఇరుసుకన్నా కింద వుండే డ్రాబారుకే తగిలించాలి. పైన టాప్‌లింకుకు కట్టి లాగినా తిరగబడే ప్రమాదం అదే. మేము చివరికి చేసిందీ ఇదే. పనలు ఆడవాళ్ళ తలల మీద గట్టుకు చేరాయి. కొన్ని అప్పటికే మొలకెత్తాయి.

ఒక చక్రమే తిరుగుతూ రెండోది కదలకుండా వుంటే అది డిఫరెన్షియల్ పని. రెండు వైపులకూ సమానంగానే టార్కు ఇస్తుంది గనుక, జారే చక్రానికి చాలినంతే గట్టి నేల మీదున్న దానికీ అందుతుంది. డిఫరెన్షియల్ లాకు పెడల్ అందుకే వుంది. అది తొక్కివుండగా స్టీరింగు తిప్పకూడదు.

ఇక టైర్లు. 1932లో అమెరికాలో ఆలిస్-చామర్స్ కంపెనీ గాలి టైర్లతో ట్రాక్టరు అమ్మకానికి పెట్టేవరకు ట్రాక్టర్లకు ఇనుప చక్రాలే. మనం దమ్ముకు తగిలించే ఇనుప చక్రాలు ఆ వంశం మిగిల్చినవే. అవి బురదలో వైశాల్యం పెంచి పట్టు ఇస్తాయి. వాటితో తారురోడ్డు ఎక్కితే రోడ్డు పని సరి. టైరు పక్కగోడ మీద ఆర్-1 అని వుంటే మామూలు వ్యవసాయానికి, ఆర్-2 అని వుంటే వరి, చెరకు మళ్ళకు. రెండో దాని రబ్బరు గట్లు మొదటిదానికి దాదాపు రెట్టింపు ఎత్తు. 13.6-28 అని వుంటే వెడల్పు 13.6 అంగుళాలు, రిమ్ము 28 అంగుళాలు. రబ్బరు గట్లు బాణం ఆకారంలో వుంటాయి. వెనుకనుంచి చూస్తే బాణం ములికి పైకి చూస్తుండాలి. అప్పుడే కింద ములికి ముందు నేలను తాకి, బురద పక్కలకు జారిపోతుంది. తిరగేసి బిగించిన టైరును నేను రెండుచోట్ల చూశాను. చేలో వెనుక టైరు గాలి 12 నుంచి 14 పౌండ్లు చాలు, టైరు కాస్త పరుచుకుని వైశాల్యం పెరుగుతుంది. టైర్లలో నీళ్ళు నింపేది రోడ్డు మీద, మెట్టలో బరువులు లాగడానికి. దమ్ముకు ముందు తీసెయ్యాలి.

రోడ్డు మాటొస్తే కాలువ కట్టలు గుర్తుకొస్తాయి. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. ట్రక్కు మనుషుల కోసం చేసినది కాదు. మన దగ్గర చాలా ట్రక్కులకు బ్రేకులే వుండవు. కట్ట మీదనుంచి తడిలో దిగేటప్పుడు వెనుకనుంచి నెడుతుంది. పైన వుండగానే తక్కువ గేరు వేసుకోవాలి, మధ్యలో క్లచ్చి తొక్కకూడదు. కుడి ఎడమ బ్రేకు పెడళ్ళు రెండూ కలిపి కొక్కెం వేసుకోవాలి. ఒక్కవైపు బ్రేకు పడితే బండి అడ్డం తిరుగుతుంది.

సంక్రాంతి సెలవుల్లో నేనొక ప్రయోగం చేశాను. టైరు మీద సుద్దతో గీత గీసి, పది చుట్లకు ఎంత దూరం పోతుందో టేపుతో కొలిచాను. రోడ్డు మీద 40 మీటర్లు. ఆరీ ఆరని మడిలో ఖాళీ ట్రక్కుతో 31. అంటే వందకు ఇరవైరెండున్నర పాళ్ళు జారుడుకే పోతున్నది. పొలంలో పది, పదిహేను పాళ్ళకు మించకూడదు. బాబాయికి సూత్రం చెప్తే వినలేదు, "లీటరు డీజిలులో పావుకిలో పోతోంది" అంటే విన్నాడు. ("లీటరులో కిలోలేమిట్రా" అన్నారు నాన్న.)

ఆ వేసవిలో కొత్త టైర్లు కొన్నారు. నేను ఆర్-2 అన్నాను. బాబాయి ఒప్పుకోలేదు. "దమ్ము పదిహేను రోజులు, దానికి చక్రాలున్నాయి. మిగతా ఏడాదంతా బాడుగ రోడ్డు మీదే. ఆ ఎత్తు గట్లు తారు మీద అరిగిపోవూ?" అన్నాడు. నిజమే, ఆర్-1 తెచ్చారు. మరుసటి ఏడు అదే మడిలో, అదే ట్రక్కుతో కొలిస్తే పది చుట్లకు 35 మీటర్లు వచ్చింది. తుమ్మ మొద్దు ఇప్పుడు గొడ్లపాక గుమ్మంలో మెట్టుగా వుంది.