జాలి పక్కన పెట్టండి, పనితనం నేర్చుకోండి

ఇంటర్ అయిపోయింది. లేదా డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారు. ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో బస్టాండులో నిలబడి 'తర్వాత ఏంది?' అనుకుంటున్నారు. మీ మనసులో ఉన్న లిస్టు నాకు తెలుసు. డీఎస్సీ, పోలీసు సెలక్షన్లు, బెంగళూరులో ఏదో ఒక కంపెనీ, కాకపోతే గల్ఫ్ వీసా.

ఆ లిస్టులో ఇంకో లైను చేర్చండి. డిజెబిలిటీ సపోర్ట్. దివ్యాంగులతో కలిసి పనిచేసే వృత్తి.

'అది సేవ గదా, ఉద్యోగం ఎట్టా అవుద్ది?' అంటారు. మిమ్మల్ని ఆపుతున్నది ఆ ఒక్క ఆలోచనే. ఇప్పుడే తీసేయండి. ఈ పనికి కోర్సులున్నాయి. రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. పార్లమెంటు చేసిన చట్టాలున్నాయి. ప్రభుత్వ పోస్టులున్నాయి. లేనిదల్లా పని తెలిసిన మనుషులే. ఆ మనిషి మీరు కావచ్చు.

అవసరం మీ వీధిలోనే ఉంది

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. అప్పటి చట్టంలో ఉన్నవి ఏడు రకాల వైకల్యాలే. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21 చేసింది. ఆటిజం, డిస్లెక్సియా లాంటి లెర్నింగ్ సమస్యలు, పార్కిన్సన్స్, తలసీమియా ఇప్పుడు చట్టం పరిధిలోకి వచ్చేశాయి.

మన నెల్లూరు మెట్ట ప్రాంతానిది ఇంకా పాత బాధ. భారతదేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలి నివేదిక 1937లో వచ్చింది. షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. వాళ్ళు చూసిన పల్లెలు అప్పటి నెల్లూరు జిల్లావే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటి ఫ్లోరైడ్ ఉంటే ప్రమాదం. ఏళ్ళ తరబడి అంతకు మించి ఉన్న నీళ్ళు తాగితే ముందు పళ్ళు పాడవుతాయి, తర్వాత ఎముకలు బిగుసుకుపోతాయి. నడుం వంగని, మెడ తిరగని, మంచం దిగడానికి ఒకరి చెయ్యి కావాల్సిన పెద్దవాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళకు మంచి నీళ్ళు ఎంత అవసరమో, రోజూ కీళ్ళు కదిలించే ఫిజియోథెరపీ కూడా అంతే అవసరం.

ఏఎస్‌పేట దర్గాకు మానసిక బాధతో ఎంతెంత దూరం నుంచో వస్తారు. మానసిక అనారోగ్యం కూడా ఆ 21లో ఒకటి. మొక్కు వాళ్ళ నమ్మకం, దాన్ని గౌరవించండి. దాంతో పాటు మందు, కౌన్సెలింగ్, రోజూ పలకరించే మనిషీ వాళ్ళకు దొరకాలి.

ఇవన్నీ చూస్తూ పెరిగారు మీరు. ఆ ఇళ్ళ భాష, ఆ ఇళ్ళ ఇబ్బంది మీకు తెలుసు. హైదరాబాదులో చదివొచ్చిన థెరపిస్టుకు ఆ పరిచయం రావడానికి ఏళ్ళు పడుతుంది. మీ బలం ఇది. ఇక నైపుణ్యం సంపాదించండి.

మొదటి పాఠం: చెయ్యి వెనక్కి తీసుకోవడం

మనకు జాలి ఎక్కువ. జాలిపడ్డ మనిషి అన్నీ తనే చేసిపెడతాడు. తినిపిస్తాడు, బట్టలు తొడుగుతాడు, అవతలివాళ్ళు నోరు తెరవకముందే వాళ్ళ తరఫున జవాబు చెప్తాడు. పదేళ్ళు గడిచాక ఆ ఇంట్లో ఒకటే మాట: 'మావాడికి ఏమీ చేతగాదబ్బా.' వాడికి చేసే అవకాశం ఎప్పుడిచ్చారు?

ఈ వృత్తిలో మీ ప్రోగ్రెస్‌కు కొలబద్ద ఒక్కటే. ఈ నెల మీ సాయం ఎంత తగ్గింది?

సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఎనిమిదేళ్ళ పాపను ఊహించుకోండి. తన అన్నం తను తినాలి. ముందు కూర్చునే తీరు సరిచేయండి. వీపు నిటారుగా, పాదాలకు ఆనుడు, గడ్డం కాస్త కిందికి. పడుకోబెట్టి తినిపిస్తే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఎంతో ప్రేమగా రోజూ అలాగే తినిపించే ఇళ్ళున్నాయి. వాళ్ళను తిట్టకండి. ఎట్లా కూర్చోబెట్టాలో చేసి చూపించండి.

తర్వాత పనిని ముక్కలు చేయండి. చెంచా పట్టుకోవడం. అన్నం తీసుకోవడం. పైకెత్తడం. నోటి దగ్గరకు తేవడం. నోట్లో పెట్టుకోవడం. మొదట పాప చేతిమీద మీ చెయ్యి వేసి అన్నీ చేయించండి. ఆఖరి ముక్క మాత్రం పాపకే వదిలేయండి. అది వచ్చాక ఆఖరి రెండు ముక్కలు. అట్లా చివరి నుంచి మొదటికి రండి. స్పెషల్ ఎడ్యుకేటర్లు దీన్ని బ్యాక్‌వర్డ్ చెయినింగ్ అంటారు. ఇందులో గొప్పతనం ఏంటంటే, ప్రతిసారీ పని పూర్తయ్యేది పాప చేతిలోనే. మొదటి రోజు నుంచే గెలుపు తనది.

మీ సాయం కూడా మెట్లు దిగుతూ రావాలి. చెయ్యి పట్టుకోవడం, తర్వాత మోచెయ్యి దగ్గర చిన్నగా తాకడం, తర్వాత సైగ, తర్వాత ఒక మాట. చివరికి మీరు పక్కన కూర్చుంటే చాలు. తొందరపడి రెండు మెట్లు ఒకేసారి దిగకండి. దిగకుండా ఒకేచోట ఉండిపోవద్దు కూడా.

పట్టు బలహీనంగా ఉంటే సన్నటి స్టీలు చెంచా జారిపోతుంది. లావు పిడి కావాలి. ఇక్కడ నాకెంతో ఇష్టమైన ఆలోచన ఒకటి చెప్తాను. ఉదయగిరి చెక్క చెంచాలకు జీఐ గుర్తింపు ఉంది. తరతరాలుగా చెంచాలు, ఫోర్కులు చెక్కే చేతులు మీ ఊళ్ళోనే ఉన్నాయి. పాప పిడికిలి కొలత తీసుకొని ఒక కళాకారుడి దగ్గరికి వెళ్ళండి. ఆ చేతికి సరిపోయే పిడితో చెంచా చెక్కించండి. పనిముట్టును మనిషికి తగ్గట్టు మార్చడం ఆక్యుపేషనల్ థెరపీలో పెద్ద భాగం. మీరు ఆ దారిలో అప్పుడే అడుగుపెట్టినట్టు.

తెలుసనుకున్నవి సరిచూసుకోండి

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళాల గుత్తి పెడతారు. మానేయండి. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, టైమ్ చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

చూపు లేని మనిషిని చెయ్యి పట్టి లాక్కెళ్ళకండి. మీ మోచెయ్యి అందించండి. వాళ్ళు పట్టుకుంటారు, మీరు అర అడుగు ముందు నడవండి.

వీల్‌చైర్‌లోకి మార్చే ముందు బ్రేకులు వేయండి. ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచండి, మీ నడుము కూడా ముఖ్యమే. మంచం మీదున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి, లేకపోతే పుండ్లు పడతాయి. వినపడని వాళ్ళతో మాట్లాడేటప్పుడు వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడండి.

ఈ అలవాట్లు ఇవాళే మొదలుపెట్టండి

1. అడిగాకే తాకండి. 'సాయం చేయనా? ఎట్లా చేయమంటారు?' ఈ రెండు ప్రశ్నలు నోటికి రావాలి.

2. ఆ మనిషితోనే మాట్లాడండి. ఎదురుగా కూర్చున్న కుర్రాణ్ణి వదిలేసి 'ఏం తింటాడమ్మా?' అని వాళ్ళమ్మను అడగడం మనందరికీ ఉన్న దురలవాటు. పేరు పెట్టి పిలవండి. వైకల్యాన్ని ఇంటిపేరు చేయకండి.

3. ఆగండి. ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టండి. కొందరికి జవాబు కూడదీసుకోవడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. మీరు ఐదుకే అందుకుంటే ఆ జవాబు ఇక రాదు.

4. రాయండి. రోజుకు నాలుగు లైన్లు. 'బాగా చేశాడు' అని కాదు, 'ఐదు ముద్దల్లో రెండు తనే తిన్నాడు' అని. ఈ ఒక్క అలవాటు మిమ్మల్ని మామూలు సహాయకుల నుంచి ప్రొఫెషనల్‌గా మారుస్తుంది. తల్లి 'ఏమీ మార్పు లేదు' అని దిగులుపడ్డ రోజున ఆ నోట్‌బుక్ తెరిచి చూపించండి.

5. గుట్టు దాచండి. పల్లెలో కబురు త్వరగా పాకుతుంది. స్నానం చేయించేటప్పుడు తలుపు మూయండి. వాట్సాప్ స్టేటస్‌లో వాళ్ళ ఫొటో పెట్టకండి. మీరు చేసిన మంచికి ప్రచారం వాళ్ళ పరువుతో వద్దు.

దారులు చాలా ఉన్నాయి

ముందు ఒక పేరు గుర్తుపెట్టుకోండి. ఆర్‌సీఐ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. 1992 చట్టంతో దీనికి చట్టబద్ధత వచ్చింది. స్పెషల్ ఎడ్యుకేషన్, స్పీచ్ థెరపీ లాంటి కోర్సులకు గుర్తింపు ఇచ్చేది ఇదే. ఆ కోర్సులు చదివాక మీ పేరు ఈ కౌన్సిల్ రిజిస్టర్‌లో ఎక్కాలి. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేస్తే చట్టప్రకారం శిక్ష ఉంది. ఫీజు కట్టేముందు ఆ కాలేజీకి, ఆ కోర్సుకు, ఆ సంవత్సరానికి గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో మీరే చూడండి. ఏజెంటు మాట నమ్మకండి.

ఇంటర్ తర్వాత రెండేళ్ళ డి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్ ఉంది. డిగ్రీ తర్వాత రెండేళ్ళ బి.ఎడ్. స్పెషల్ ఎడ్యుకేషన్. సైన్స్ గ్రూపు వాళ్ళకు వినికిడి, మాట సమస్యలు చూసే బీఏఎస్‌ఎల్‌పీ, ఫిజియోథెరపీ, కృత్రిమ అవయవాలు తయారుచేసే ప్రోస్థెటిక్స్ కోర్సులున్నాయి. చేతులతో మాట్లాడటం ఇష్టమైతే ఇండియన్ సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటేషన్‌లో డిప్లొమా. ఎక్కువ చదివే వీలు లేనివాళ్ళకు కేర్ గివింగ్ సర్టిఫికెట్ కోర్సులు.

మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ సికింద్రాబాద్‌లో ఉంది. 1984లో మొదలైంది. దాని పర్యవేక్షణలో నడిచే ప్రాంతీయ కేంద్రం సీఆర్‌సీ మన నెల్లూరులోనే ఉంది. ఒక్క రోజు కేటాయించి వెళ్ళి చూడండి. థెరపిస్టులు చేసేది కళ్ళారా చూస్తే మీకు ఏది నప్పుతుందో తేలిపోతుంది.

ఉద్యోగాల సంగతి. 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు టీచర్ల నిష్పత్తి ప్రకటించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తర్వాత కేంద్రం ప్రకటించింది: ప్రైమరీలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. టెట్‌లో పేపర్ 1బి, 2బి ఈ అభ్యర్థుల కోసమే. డీఎస్సీ కలను వదులుకోనక్కర్లేదు. ఇంకో తలుపు నుంచి వెళ్ళండి.

మీకే వైకల్యం ఉందా? ఈ రంగంలో మీ అనుభవం క్వాలిఫికేషనే. బధిరులే సైన్ లాంగ్వేజ్ టీచర్లు కావడానికి ప్రత్యేకంగా డిప్లొమా ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకు 4 శాతం రిజర్వేషన్ ఉంది. వాడుకోండి.

విదేశాల మీద మనసుంటే అదీ చెప్తాను. ఆస్ట్రేలియాలో 2013 చట్టంతో ఎన్‌డీఐఎస్ అనే జాతీయ పథకం వచ్చింది. సపోర్ట్ వర్కర్ అక్కడ గౌరవమైన ఉద్యోగం. చదువుకోవడానికి వెళ్ళిన మన తెలుగు పిల్లలు కూడా చేస్తున్నారు. కానీ ఆ ఆశ ఒక్కదానితోనే ఈ రంగంలోకి రాకండి. ఈ పని మనుషుల మీద ఆసక్తి లేనివాళ్ళను త్వరగా అలసిపోయేలా చేస్తుంది.

డబ్బు విషయం దాచను. స్వచ్ఛంద సంస్థల్లో తొలి జీతం తక్కువ. చాలా పోస్టులు కాంట్రాక్టువి. అది న్యాయం కాదని నా అభిప్రాయం. అయినా తొలి రెండేళ్ళను జీతంతో కాకుండా నేర్చుకున్న పనితో కొలవండి. రిజిస్ట్రేషన్, అనుభవం, నోట్‌బుక్ మూడూ చేతిలో ఉన్న మనిషి బేరమాడగలడు.

కాగితం పని కూడా నైపుణ్యమే

మంచి సపోర్ట్ వర్కర్‌కు, వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్ ఎట్లా వస్తుందో తెలియాలి. సచివాలయంలో స్లాట్ బుకింగ్, మెడికల్ క్యాంపు, వైకల్య శాతం, యూడీఐడీ కార్డు. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్ళకు 15,000. ఒక పేద ఇంటికి ఇది ఎంత పెద్ద ఆసరానో మీకు వేరే చెప్పాలా? స్లాట్ దొరక్క తిరిగి తిరిగి విసిగిపోయిన కుటుంబానికి ఒక్క ఫారం సరిగ్గా నింపిపెట్టండి. ఆ ఇంట్లో మీ మాటకు విలువ అప్పుడే మొదలవుతుంది. థెరపీ గురించి ఆ తర్వాత చెప్తే వింటారు.

ఈ వారమే

సోమవారం మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వెళ్ళండి. ఎక్కడుందో తెలియకపోతే ఎంఈఓ ఆఫీసులో అడగండి. సమగ్ర శిక్ష కింద నడిచే ఈ కేంద్రాల్లో సహిత విద్య టీచర్లు ఉంటారు. బడికి రాలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళి పాఠం చెప్పేదీ వాళ్ళే. 'నేను ఈ రంగంలోకి రావాలనుకుంటున్నా మేడమ్, మీ పని చూడొచ్చా?' అని అడగండి. ఒప్పుకుంటే ఒక మూల కూర్చుని చూడండి, చెప్పిన సాయం చేయండి, వచ్చాక నోట్‌బుక్ రాయండి.

బుధవారం ఆర్‌సీఐ వెబ్‌సైట్ తెరవండి. మీ చదువుకు తగ్గ కోర్సులు రెండు ఎంచుకుని అర్హతలు, ఆఖరి తేదీలు రాసుకోండి.

శనివారం ఇంట్లో చెప్పండి. 'ఇదేం పనిరా, ఊళ్ళో నవ్వరూ?' అంటారు. వాదించకండి. మీరు చూసింది చెప్పండి, చదవబోయే కోర్సు చూపించండి, పోస్టుల లెక్క చెప్పండి. నాయన నమ్మకపోతే ఆయన్నే ఒకసారి భవిత కేంద్రానికి తీసుకెళ్ళండి.

వెళ్ళండి. సోమవారం అంటే ఈ సోమవారమే.