పెరటి కోళ్ళకు తగ్గని పారుడు: కారణాలు, చికిత్స, ఇంటివారి జాగ్రత్తలు



ఆసుపత్రి పత్రికలో కోళ్ళ సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టుప్రక్కల గ్రామాలలో చాలా ఇండ్లకు పెరటి కోళ్ళే చేతి ఖర్చు. పిల్లలకు గ్రుడ్డు, పండుగకు కూర, అవసరానికి నాలుగు రూపాయలు వాటినుండే వస్తాయి. అవి పారుడుతో నీరసించిపోతే ముందుగా తగ్గేది పిల్లల పళ్ళెంలోని గ్రుడ్డు. రెండవది, కోడి రెట్ట వేసే వాకిట్లోనే మన చంటిపిల్లలు ప్రాకుతారు. కోడికి వచ్చే కొన్ని క్రిములు మనుషులకు కూడా విరేచనాలు కలిగిస్తాయి. కాబట్టి కోడి ఆరోగ్యము, ఇంటి ఆరోగ్యము వేరు వేరు కావు.

యెరూషలేమును గూర్చి దుఃఖించినప్పుడు మన ప్రభువు తన ప్రేమను పిల్లలను రెక్కల క్రిందికి చేర్చుకునే కోడితో పోల్చారు (మత్తయి 23:37). మన వాకిట్లో తిరిగే ఈ చిన్న ప్రాణిని శ్రద్ధగా చూసుకోవడం మన బాధ్యతే.

1. మొదట రెట్టను చూడడం నేర్చుకోండి

ఆసుపత్రిలో రోగిని అడిగే మొదటి ప్రశ్నలలో ‘విరేచనం ఎలా అవుతోంది?’ అనేది ఒకటి. కోడి చెప్పలేదు కాబట్టి మనమే చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్ట గోధుమ రంగులో గట్టిగా ఉండి, దానిమీద తెల్లని సున్నం వంటి పూత ఉంటుంది. ఆ తెలుపు కోడి మూత్రమే. అది జబ్బు కాదు. రోజుకు ఒకటి రెండు సార్లు ముదురు రంగులో, జిగటగా, చెడు వాసనతో కూడా రెట్ట వేస్తుంది. అది కూడా సహజమే. ఎండాకాలంలో నీళ్ళు ఎక్కువ త్రాగినందువలన రెట్ట పలచబడితే భయపడనక్కరలేదు.

జబ్బును తెలిపే గుర్తులు ఇవి:

- రెట్టలో రక్తం, లేక ఎర్రని జిగురు: రక్తపారుడు కావచ్చు.
- ఆకుపచ్చని నీళ్ళ రెట్ట, గురక, మెడ వంకర తిరగడం: కొక్కెర తెగులు కావచ్చు.
- చిన్న పిల్లలలో తెల్లని రెట్ట వెనుక ఈకలకు అంటుకుని ఎండిపోవడం: తెల్లపారుడు కావచ్చు.
- రెట్టలో దారాలవంటి పురుగులు గాని, బియ్యపు గింజలవంటి ముక్కలు గాని: కడుపులో పురుగులు.
- బాగా తింటూనే చిక్కిపోవడం. కోడిని చేతిలోకి తీసుకుని రొమ్ము ఎముక తడిమి చూడండి. అది కత్తి అంచులా తగిలితే కోడి చాలా దినాలుగా బాధపడుతోందని అర్థం.

ప్రొద్దున మేత వేయకముందు మెడ క్రింద ఉండే మేత సంచిని కూడా తడిమి చూడండి. రాత్రి తిన్నది అరిగిపోయి అది ఖాళీగా ఉండాలి. గట్టిగా ముద్దలా ఉంటే గడ్డిపోచలు, దారాలు, ప్లాస్టిక్ ముక్కలు ఇరుక్కుని ఉండవచ్చు. నీళ్ళ సంచిలా మెత్తగా ఉండి నోటినుండి పులిసిన వాసన వస్తే మేత లోపల పులిసిందన్నమాట. ఇటువంటి కోడిని తలక్రిందులు చేసి పిండవద్దు. నీళ్ళు ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణం పోతుంది. పశువుల డాక్టరుకు చూపించండి.

2. మాటిమాటికీ వచ్చే పారుడుకు ముఖ్య కారణాలు

(అ) రక్తపారుడు: దీనిని డాక్టర్లు కాక్సిడియోసిస్ అంటారు. కంటికి కనబడని పరాన్నజీవి ప్రేగుల గోడను తినివేస్తుంది. మూడు నుండి ఆరు వారాల పిల్లలకు ఎక్కువగా వస్తుంది. జబ్బు కోడి రెట్టలో దీని గ్రుడ్లు లక్షలలో ఉంటాయి. నేల తడిగా, వెచ్చగా ఉంటే ఒకటి రెండు రోజులలోనే అవి ఇతర కోళ్ళకు అంటే స్థితికి వస్తాయి. తడి మట్టిలో నెలల తరబడి బ్రతికి ఉంటాయి. ఫినాయిల్ చల్లినా చావవు. ఎండ, పొడి, వేడి వీటికి శత్రువులు. కాబట్టి వర్షాకాలంలో ఈ జబ్బు విజృంభిస్తుంది. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోత వర్షాల వంటివి వచ్చినప్పుడు, నీళ్ళు తీసిన తరువాత కూడా కొన్ని వారాలపాటు కోడిపిల్లలను కనిపెట్టి చూడాలి.

(ఆ) కడుపులో పురుగులు: ఏలికపాముల వంటి గుండ్రని పురుగుల గ్రుడ్లు రెట్టద్వారా నేలమీదికి, అక్కడనుండి మేతతో మరల కడుపులోకి పోతాయి. బద్దె పురుగులు అలా కాదు. చీమలు, పేడ పురుగులు, ఈగలు వాటిని మోస్తాయి. వాటిని తిన్న కోడికి బద్దె పురుగు వస్తుంది. ఒక సంగతి గుర్తుంచుకోండి: పైపరజిన్ మందు గుండ్రని పురుగులకు మాత్రమే పనిచేస్తుంది, బద్దె పురుగులకు పనిచేయదు. ‘మందు పోసినా తగ్గలేదు’ అని చెప్పే చోట తరచుగా ఇదే కారణం.

(ఇ) బూజు పట్టిన మక్కలు: మన ప్రాంతంలో మక్కజొన్న ఎక్కువ. ఇంటివారు తినడానికి, అమ్మడానికి పనికిరాని బూజు గింజలను ‘కోళ్ళకు వేద్దాము’ అని ప్రక్కన పెట్టడం మనకు అలవాటు. ఇది ప్రమాదకరం. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని పాడుచేస్తుంది, రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది, అందువలన ఏ జబ్బూ త్వరగా తగ్గదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఏదో తెలియని జబ్బుతో చనిపోయాయి. బూజు పట్టిన వేరుశనగ పిండి దానికి కారణమని తరువాత తెలిసింది. ఈ విషం మనుషులను కూడా విడిచిపెట్టదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాలలో బూజు పట్టిన మక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్లతో మరణించారు. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆ సంగతిని పరిశోధించారు. ఆ ఇండ్లలో కుక్కలు కూడా జబ్బు పడ్డాయి. వండినా, వేయించినా ఈ విషం పూర్తిగా పోదు. గింజలు బాగా ఎండబెట్టి, నేలకు తగలకుండా చెక్కలమీద నిలువ చేయండి. బూజు గింజలను కాల్చివేయండి గాని మేతగా వేయకండి.

(ఈ) కొక్కెర తెగులు: ఇది వైరస్ జబ్బు. మన దేశంలో దీనిని ఉత్తరాఖండ్ కొండలలోని రాణిఖేత్ ఊరిపేరుతో పిలుస్తారు. వచ్చిన తరువాత దీనికి మందు లేదు, టీకా ఒక్కటే రక్షణ.

(ఉ) మురికి నీరు: కోడి తన నీళ్ళ గిన్నెలోనే రెట్ట వేస్తుంది. ఆ నీళ్ళే మందకంతా జబ్బు పంచుతాయి.

3. మందు పోసినా ఎందుకు తగ్గదు?

సాధారణంగా జరిగేది ఇది. జబ్బుగా కనిపించిన ఒక్క కోడికే మందు పోస్తాము. మిగతావి బాగున్నాయనుకుంటాము. గూటిలోని పాత రెట్ట అలాగే ఉంటుంది. కోలుకున్న కోడి అదే నేలలో మరల ఏరుకుని తింటుంది. వారంలో జబ్బు తిరిగి వస్తుంది. మందు మంచిది కాదని మరొక మందు కొంటాము. లోపం మందులో లేదు, నేలలో ఉంది.

రెండవ పొరపాటు, మెడికల్ షాపులో మనుషుల క్యాప్సూల్ కొని విప్పి నీళ్ళలో కలపడం. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు, పురుగులను చంపదు. కొలతలేకుండా వాడితే క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి. తరువాత అదే క్రిమి మన బిడ్డకు అంటితే ఆసుపత్రిలో మేము ఇచ్చే ఇంజెక్షను పనిచేయకపోవచ్చు. ఈ కారణముచేతనే 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వం కోళ్ళకు, పశువులకు కొలిస్టిన్ అనే మందును నిషేధించింది. ఏ మందూ పనిచేయని రోగికి చివరి ఆధారంగా వాడే మందు అది.

4. ఏమి చేయాలి?

మొదటి రోజు: జబ్బు కోడిని వేరే గంప క్రింద ఉంచండి. దానికి మేత, నీళ్ళు చివరగా పెట్టండి, ముందు బాగున్నవాటికి పెట్టండి. శుభ్రమైన నీళ్ళు ఎల్లప్పుడు అందుబాటులో ఉండాలి. పారుడులో కోడి చనిపోయేది తరచుగా నీళ్ళు తగ్గిపోవడం వలననే, మన పిల్లల విషయంలో వలెనే.

రెండవ పని: తాజా రెట్టను శుభ్రమైన చిన్న డబ్బాలో వేసి మీ దగ్గరి పశువైద్యశాలకు తీసుకుని వెళ్ళండి. సూక్ష్మదర్శినిలో చూస్తే రక్తపారుడు, పురుగుల గ్రుడ్లు తెలిసిపోతాయి. ఊహతో మందు కొనేకంటే ఈ పరీక్ష చవక.

మూడవ పని: రక్తపారుడు అని తేలితే డాక్టరు సాధారణంగా ఆంప్రోలియం పొడిని త్రాగే నీళ్ళలో ఇస్తారు. మందలోని అన్ని కోళ్ళకు, చెప్పినన్ని రోజులు ఇవ్వాలి. ఆ రోజులలో వేరే నీళ్ళు పెట్టవద్దు. బలానికని విటమిన్ బి టానిక్ కూడా కలపవద్దు. ఈ మందు బి1 విటమిన్‌ను పోలి ఉండి పరాన్నజీవిని మోసగించి చంపుతుంది. టానిక్ కలిపితే మందు వృథా అవుతుంది. కోర్సు ముగిసిన తరువాత టానిక్ ఇవ్వవచ్చు.

నాలుగవ పని: గూటిలోని పాత పొట్టు, రెట్ట అంతా తీసి దూరంగా గుంటలో వేయండి. నేల గీకి, సున్నం చల్లి, బాగా ఎండనిచ్చి, రెండు మూడు అంగుళాల మందాన పొడి వరిపొట్టు పరచండి. నీళ్ళ గిన్నెను ఇటుకమీద ఎత్తుగా పెట్టి రోజూ కడగండి. కొంచెం గరుకు ఇసుక అందుబాటులో ఉంచండి. కోడికి పళ్ళు లేవు, కందనకాయలోని రాళ్ళే మేతను నమిలేవి.

5. మరల రాకుండా

రెండు మూడు నెలలకు ఒకసారి డాక్టరు చెప్పిన పురుగుల మందు ఇవ్వండి. మందు వాడినప్పుడు ఎన్ని రోజులు గ్రుడ్లు, మాంసం తినకూడదో అడిగి తెలుసుకోండి.

కొక్కెర తెగులు టీకా పిల్లలకు 5 నుండి 7 రోజుల వయసులో కంట్లో గాని ముక్కులో గాని చుక్కగా, 8 వారాలు దాటిన తరువాత రెక్క క్రింద సూదిగా వేస్తారు. టీకాకు వారం ముందు పురుగుల మందు ఇస్తే టీకా బాగా పడుతుంది. జబ్బు కోడికి టీకా వేయించకూడదు. ఒక సీసాలో వంద గాని అంతకంటే ఎక్కువ గాని డోసులుంటాయి. కలిపిన తరువాత నిలువ ఉండదు. కాబట్టి స్త్రీల సమాజము వారు, మహిళా సంఘాల వారు ఒక రోజు నిర్ణయించుకుని వాడకట్టు మొత్తం కోళ్ళకు ఒకేసారి వేయిస్తే ఖర్చు తగ్గుతుంది. వనరాజా, గ్రామప్రియ పిల్లలను తెచ్చుకున్నవారు మరింత శ్రద్ధ చూపాలి.

సంతలో కొన్న కోడిని మూడు వారాలు వేరుగా ఉంచి తరువాత మందలో కలపండి. అలాగే మీ జబ్బు కోడిని సంతకు పంపవద్దు. మన నష్టాన్ని పొరుగువాని దొడ్డిలోకి నెట్టడం క్రైస్తవునికి తగదు.

6. ఇంటివారి క్షేమము

కోళ్ళ రెట్టలో సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ అనే క్రిములుంటాయి. బాగా కనబడే కోడిలో కూడా ఉండవచ్చు. పెరూ దేశంలోని లిమా నగరపు పేద వాడలలో చేసి 1990లో ప్రచురించిన ఒక పరిశోధనలో, కోళ్ళు విడిగా తిరిగే ఇండ్లలో చంటిపిల్లలు రోజులో పలుమార్లు కోడిరెట్టను నోట్లో పెట్టుకోవడం గమనించారు. మన ఇండ్లు దీనికి భిన్నం కావు.

- కోళ్ళను వంటగదిలోకి, పిల్లలు పడుకునే చోటికి రానివ్వకండి. రాత్రి గూటిలో మూసివేయండి.
- కోడిని, గ్రుడ్డును ముట్టిన తరువాత సబ్బుతో చేతులు కడగండి.
- గ్రుడ్డు, మాంసం బాగా ఉడికించి తినండి.
- ‘చచ్చేలోపు కోసుకుందాము’ అనే మాట మానండి. జబ్బు కోడిని కోసేటప్పుడే క్రిములు చేతికి, కత్తికి, పక్కనున్న కూరగాయలకు అంటుతాయి.
- చనిపోయిన కోడిని లోతుగా పూడ్చి సున్నం వేయండి. చెరువులో, కాలువలో పడవేయవద్దు.
- ఒకటి రెండు రోజులలోనే అనేక కోళ్ళు చనిపోతే, తల ఉబ్బి జుట్టు నీలంగా మారితే, ముట్టకుండా వెంటనే పశువైద్యశాలకు తెలపండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మనకు తెలుసు.

పిల్లలకు విరేచనాలయితే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా త్రాగించండి. తల్లిపాలు ఆపకండి. జింక్ మాత్రలు 14 రోజులు ఇవ్వాలి. రక్తం పడినా, కళ్ళు గుంటలు పడినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకుని రండి. ఇంట్లో కోళ్ళకు కూడా జబ్బు ఉంటే ఆ సంగతి మాకు తప్పక చెప్పండి.

మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి

1. ఈ వారం మా కోళ్ళ రెట్టను గమనించామా?
2. గూటిలో పొట్టు పొడిగా ఉన్నదా?
3. కోళ్ళకు వేసే గింజలను మేము తినగలమా?
4. చివరిసారి టీకా ఎప్పుడు వేయించాము?

ఈ నాలుగింటికి ధైర్యంగా జవాబు చెప్పగలిగిన ఇంట్లో పారుడు వచ్చినా నిలిచిపోదు. మీ కుటుంబాలను, మీ చేతిపనిని దేవుడు దీవించును గాక. ఆమెన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగము తరఫున