చల్లారిన ఇంజనును ప్రశ్నించు విధము



నీ ఉత్తరము అందినది. నర్సీపట్నములో ఏ పేచీయు పెట్టక నడచిన ఆ పాత డీజిలు పికప్పు, ఘాటు నెక్కి చింతపల్లి చేరినది మొదలు, ప్రతి ఉదయమును స్టార్టు చేసినంతనే బండి బండియంతయు వణకునట్లు మిస్ కొట్టుచు, తెల్లని పొగ గ్రక్కి, మూడు నాలుగు నిమిషములలో తనంతట తానే సర్దుకొనుచున్నదనియు, పదిగంటలకు షెడ్డుకు తీసికొనిపోయినచో మెకానిక్కు లోపమేమియు లేదని నవ్వి పంపివేయుచున్నాడనియు వ్రాసితివి. అతనిని తప్పుపట్టకుము. వేడెక్కిన ఇంజనులో అతనికి కనబడుట కేమియు మిగిలియుండదు.

డీజిలు ఇంజనులో నిప్పు పుట్టించునది గాలిని నొక్కుటవలన కలుగు వేడిమి యొక్కటియే. నీ బండిది పాతతరపు ఇంజను. నాజిలు చిమ్మిన డీజిలు నేరుగా పిస్టను మీద పడక, హెడ్డులోని చిన్న గదిలో మొదట అంటుకొనును. గాలిని ఇంచుమించు 22:1 నిష్పత్తిలో నొక్కినను, ఆ గది గోడల వైశాల్య మధికమగుటచే, పుట్టిన వేడిమిలో చాలభాగమును చల్లని లోహమే అపహరించును. అందుచేతనే సిలిండరున కొక హీటర్ ప్లగ్గు అమర్చిరి. మీ ప్రాంతము సముద్రమట్టమునకు ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తున ఉండుటచే గాలియే పదవవంతు పలుచన. ఆపైన లంబసింగి వైపు మార్గశిర పుష్యమాసముల చలి యెట్టిదో నీకు నేను చెప్పనక్కరలేదు. మైదానమున చాలీచాలని వేడిమితో నెట్టుకొని వచ్చిన సిలిండరు అచ్చట ఓడిపోవుచున్నది. కావున లోపము కొండమీద పుట్టినది కాదు. దిగువ నున్నప్పుడే ఉన్నది.

ఇచ్చట చిక్కొకటి కలదు. చల్లారిన ఇంజను దినమున కొక్క ప్రశ్నకే జవాబు చెప్పును. రెండవది అడుగునప్పటికి అది వేడెక్కి, మరునాటి ఉదయమువరకు నోరు మెదపదు. ప్లగ్గులు, ఫిల్టరు, నాజిళ్లు అన్నియు ఒక్కమారే క్రొత్తవి వేయించి సంతోషించువారు కలరు. వారి బండి బాగుపడిన పడవచ్చును గాని, చెడినదేదో వారికెన్నటికిని తెలియదు. నీకు ఉదయములు విలువైనవి గనుక, ఉదయముతో పనిలేక తెలియదగినవానిని ముందుగా సాయంకాలమందే తెలిసికొనుము.

అట్టివి రెండు. బ్యాటరీ నిండుగా నున్నచో 12.6 వోల్టులు చూపవలెను. సెల్ఫు తిప్పునపుడు ఇంచుమించు 9.6 కంటె దిగరాదు. దిగినచో ఇంజను మందముగా తిరిగి, నొక్కబడిన గాలి రింగుల సందున జారిపోవుటకు వ్యవధి దొరకును. వేడిమియు దానితోనే పోవును. ఇక హీటర్ ప్లగ్గులు. వానిని కలుపు పట్టీని విప్పి, టెస్టు బల్బు తీగ నొకదానిని బ్యాటరీ ప్లస్సునకు తగిలించి, రెండవదానిని ఒక్కొక్క ప్లగ్గు తలకు తాకింపుము. బల్బు వెలుగనిచో ఆ ప్లగ్గు కాలిపోయినట్లే. నాలుగింటను వెలిగినచో, పట్టీని మరల బిగించి, తాళము త్రిప్పి, పట్టీకిని బండి బాడీకిని నడుమ బల్బు పెట్టి చూడుము. అచ్చట వెలుగు లేకున్న దోషము రిలేది గాని ఫ్యూజుది గాని యగును. ప్లగ్గులు నాలుగును ఒకేమారు కాలుట అరుదు. రిలే చెడినచో ప్లగ్గులను నిందించి క్రొత్తవి అంటగట్టుట మాత్రము అరుదు కాదు.

మొదటి ఉదయమున ఏ పానాను ముట్టవలదు, కేవలము చూడుము. యాక్సిలరేటరు త్రొక్కి దానిని బెదరింపకుము. ఇంజను చాలసేపు సెల్ఫు తిరిగిన పిమ్మట గాని అందుకొనక, అందుకొన్న క్షణమునుండియు తాళము తప్పని లయతో మిస్ కొట్టుచు, కళ్లు మండించు తెల్లపొగ వదలినచో, ఒకానొక సిలిండరులో డీజిలు అంటుకొనక పచ్చిగా బయటికి పోవుచున్నదన్న మాట. అట్లుగాక, వెంటనే అందుకొని, కొన్ని సెకనులు సాఫీగా ఆడి, ఆపైన లయలేకుండ లేచి పడుచు తడబడినచో, రాత్రి పైపులలోనికి గాలి చొరబడి డీజిలు ట్యాంకునకు వెనుదిరిగినదని అనుమానింపుము. పంపు పీల్చు వైపున సందున్నచో గాలి లోనికి పోవునే గాని డీజిలు బయటికి కారకపోవచ్చును. తడి కనబడలేదని మోసపోవుట సులభము. మరునాడు స్టార్టు చేయుటకు ముందు చేతిపంపు గట్టిపడువరకు నొక్కుము. ఆనాడు తడబాటు లేకున్న వాషర్లను, రబ్బరు పైపులను, చేతిపంపును వెదకవలెను. పొగకు డీజిలు వాసన లేక, రేడియేటరులో నీరు తగ్గుచున్నచో పరీక్షలన్నియు మాని నాకు కబురంపుము. అది హెడ్ గ్యాస్కెట్ సంగతి.

పచ్చి డీజిలు పొగయే యైనచో, తరువాతి ఉదయమున తొలి నిమిషములోనే నాజిళ్ల పైపు నట్టులను ఒక్కొక్కదానిని కొంచెము వదులుచేసి మరల బిగింపుము. ఏది వదలినపుడు ఇంజను మరింత కుంటునో ఆ సిలిండరు పనిచేయుచున్నది. ఏది వదలినను మార్పు లేదో అదియే సోమరి. చేతిని గుడ్డతో కప్పుకొని, ముఖమును ఎడముగ నుంచుము. వదులైన నట్టునుండి చిమ్ము డీజిలు ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. ఈ పని పాత మెకానికల్ పంపు బండ్లకే తగును; కామన్ రైలు బండి మీద దీనిని ఎన్నడును చేయరాదు, అందలి ఒత్తిడి ప్రాణాంతకము.

సోమరి దొరికిన పిమ్మట, సాయంకాలము దాని నాజిలును ప్రక్క సిలిండరు నాజిలుతో మార్చి, క్రొత్త రాగివాషర్లతో బిగించి, ఉదయమున మరల అదే పరీక్ష చేయుము. మిస్సు నాజిలు వెంట పోయినచో దానిని పంపుషాపునకు పంపి చిమ్ముడు చూపింపుము. పోకున్నచో మరుసటి సాయంకాలము హీటర్ ప్లగ్గును అట్లే మార్చుము. తీగ తెగకున్నను శక్తి తగ్గిన ప్లగ్గు బల్బు పరీక్షను నెగ్గవచ్చును. రెండును కదలనిచో వాల్వుల గ్యాపు చూచి, కంప్రెషన్ గేజి పెట్టుము. ఆ ఒక్క సిలిండరు తక్కినవానికంటె చాల తక్కువ చూపినచో హెడ్డు విప్పక తప్పదు. ఆ పని చింతపల్లి చలిలో ఆరుబయట చేయించకుము, మధ్యాహ్నపు ఎండలో బండిని ఘాటు దింపుకొని రమ్ము.

ఇట్లు,
మీ మేనమామ