తడి అడవి ఎందుకు తగలబడుతోంది?



మన వంటగదిలో తాళింపుకు వాడే పామోలిన్ నూనె ఎక్కడి నుంచి వస్తుంది? స్టడీ అవర్‌లో ఒకరు అడిగిన ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము అట్లాసులో చాలా దూరం పోయాము. మన దేశం వాడే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియా దేశాల నుంచి దిగుమతి అవుతుంది. అక్కడి తోటల్లో చాలావరకు ఒకప్పుడు వర్షారణ్యం ఉన్న నేలలో వేసినవే. ఆ అడవులు ఎందుకు కాలుతున్నాయో మేము తెలుసుకున్నంతవరకు ఇక్కడ రాస్తున్నాము.

వర్షారణ్యం తనంతట తాను కాలదు

వేసవిలో నల్లమలలో, ఆదిలాబాద్ అడవుల్లో మంటలు చూసినవాళ్ళు మనలో ఉన్నారు. అవి ఆకురాల్చే అడవులు. ఎండాకాలంలో నేలంతా ఎండుటాకులే. వర్షారణ్యం అలాంటిది కాదు. భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉండే ఈ అడవుల్లో ఏడాదికి సాధారణంగా 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. చెట్ల తలలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద గొడుగు పట్టినట్టు ఉంటాయి. కింద రాలిన ఆకులు ఎప్పుడూ చెమ్మగానే ఉంటాయి. పిడుగు పడినా వెంటనే వాన వస్తుంది.

అందువల్ల అక్కడి చెట్లు మంటకు అలవాటు పడలేదు. చాలా చెట్ల బెరడు పలుచగా ఉంటుంది. మోకాలెత్తు కూడా లేని మంట నేల మీద నెమ్మదిగా పాకిపోయినా, తర్వాత కొన్నేళ్ళలో ఎన్నో చెట్లు చచ్చిపోతాయి. ఆ సందుల్లోంచి ఎండ లోపలికి దిగి నేలను ఎండబెడుతుంది. అందుకే రెండోసారి వచ్చే మంట మొదటిదానికన్నా పెద్దదవుతుంది.

పొయ్యికి మూడు రాళ్ళు

మూడు రాళ్ళు ఉంటేనే పొయ్యి మీద కుండ నిలబడుతుంది. వర్షారణ్యం కాలడానికి కూడా మూడు కారణాలు కలవాలి.

మొదటిది కరువు. పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్ నినో ఏర్పడినప్పుడు ఇండోనేషియాలో, అమెజాన్‌లో వానలు తగ్గుతాయి. బొగ్గు, పెట్రోలు కాల్చడం వల్ల భూమి వేడెక్కుతున్నకొద్దీ ఆ కరువు మరింత తీవ్రమవుతోంది. వేడి గాలి ఆకుల్లోని, నేలలోని తేమను ఎక్కువగా పీల్చేస్తుంది.

రెండవది భూమి వాడకంలో మార్పు. అడవిని కొట్టి తోటలు, పశువుల మేత భూములు, రోడ్లు వేసినప్పుడు మిగిలిన అడవి అంచులు ఎండిపోతాయి.

మూడవది నిప్పు పెట్టే చేయి. కొట్టిన చెట్లను వదిలించుకోవడానికి అగ్గిపుల్లను మించిన చవక మార్గం లేదు.

కాలిమంతాన్‌లో జరిగింది

బోర్నియో దీవిలో ఇండోనేషియాకు చెందిన భాగం కాలిమంతాన్. అక్కడ పీట్ అనే నల్లటి నేల ఉంది. ఆకులు, కొమ్మలు, వేళ్ళు నీటిలో మునిగి, పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళుగా పేరుకుంటే ఏర్పడిన నేల అది. కొన్నిచోట్ల 10 మీటర్ల లోతుకు మించి ఉంటుంది. తడిగా ఉన్నంతకాలం దానికి మంట భయం లేదు.

1990లలో అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం అక్కడ సుమారు 10 లక్షల హెక్టార్లలో వరి పండించాలని పథకం వేసింది. 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వి నేలలోని నీటిని బయటకు పంపారు. ఆమ్ల గుణం ఉన్న ఆ నేలలో వరి పండలేదు. నేల మాత్రం ఎండిపోయింది. 1997లో ఎల్ నినో వచ్చింది. ఊక కుప్పలో నిప్పు పడితే పైకి కనబడకుండా లోలోపలే రాజుకుంటుంది కదా! ఆ నేల కూడా అలాగే నెలల తరబడి కాలింది. ఆ సంవత్సరం ఇండోనేషియా పీట్ మంటల నుంచి వెలువడిన కర్బనం, ప్రపంచమంతా ఏడాదిలో బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చితే వచ్చే కర్బనంలో 13 నుంచి 40 శాతానికి సమానమని సూసన్ పేజ్ బృందం 2002లో అంచనా ప్రకటించింది.

2015లో మళ్ళీ ఎల్ నినో, మళ్ళీ మంటలు. సుమారు 26 లక్షల హెక్టార్లు కాలాయి. పొగ సింగపూర్, మలేషియా దాకా పోయింది. మూడు దేశాల్లోనూ బడులు మూశారు. అదే సంవత్సరం మన దేశంలో నైరుతి ఋతుపవనాల వర్షం 14 శాతం తగ్గింది. వాన పడితేనే కూలి దొరికే ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఆ లెక్క అర్థం ఏమిటో ఎవరూ చెప్పనక్కరలేదు.

అమెజాన్ నేర్పే పాఠం

అమెజాన్ అడవి తన వానలో దాదాపు సగాన్ని తానే తయారు చేసుకుంటుందని బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాటి 1970లలో చూపించారు. చెట్లు వదిలిన ఆవిరే మళ్ళీ వానగా కురుస్తుంది. అంటే చెట్టు కొడితే వానను కూడా కొట్టినట్టే.

బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో సుమారు 27,700 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. ఇది రెండు ఉమ్మడి వరంగల్ జిల్లాల కంటే ఎక్కువ. ఉపగ్రహాలతో నిఘా పెట్టి, చట్టాలు గట్టిగా అమలు చేసి, ఆదివాసుల భూములకు గుర్తింపు ఇచ్చాక, 2012 నాటికి అది సుమారు 4,600కు దిగింది. తర్వాత పట్టు సడలింది. 2021లో మళ్ళీ 13,000 దాటింది. తిరిగి చర్యలు తీసుకోవడంతో 2024లో సుమారు 6,300కు తగ్గింది.

కానీ 2023, 2024 సంవత్సరాల్లో వచ్చిన కరువుకు మనౌస్ నగరం దగ్గర నీగ్రో నది, 1902లో కొలతలు మొదలైనప్పటి నుంచి ఎన్నడూ లేనంత దిగువకు పోయింది. నరకడం తగ్గినా మంటలు పెరిగాయి. 2024లో ప్రపంచవ్యాప్తంగా 67 లక్షల హెక్టార్ల ఉష్ణమండల ప్రాథమిక అడవి నశించింది. అందులో దాదాపు సగానికి మంటలే కారణం. ఒక్క రాయి తీస్తే చాలదని, భూమి వేడెక్కడాన్ని కూడా ఆపాలని దీనివల్ల తెలుస్తోంది.

నేరం ఎవరిది?

అడవి కాలగానే పోడు చేసుకునే పేదవాడినే వేలెత్తి చూపడం సులభం. కాలిమంతాన్‌లోని దయాక్ ప్రజలు తరతరాలుగా చిన్న చిన్న చెక్కలు కాల్చి, పండించి, మళ్ళీ అడవికే వదిలేవారు. లక్షల హెక్టార్ల నేలను ఎండబెట్టింది వారు కాదు. చిన్న రైతులు కూడా నిప్పు పెడతారన్నది నిజమే. అయితే ఇండోనేషియాలో కోర్టులు భారీ జరిమానాలు వేసినవాటిలో పెద్ద తోటల కంపెనీలు ఉన్నాయి.

పామోలిన్ తినవద్దని మేము చెప్పడం లేదు. అది పేదల నూనె. ఎకరాకు ఆయిల్‌పామ్ ఇచ్చినంత నూనె మరే పంటా ఇవ్వదు. గోదావరి, ఖమ్మం ప్రాంతాల్లో పొలాల్లోనే దాన్ని పండిస్తున్నారు. తప్పు చెట్టుది కాదు, ఏ నేలను చెరిచి ఆ చెట్టు నాటామన్నదే ప్రశ్న.

ఇండోనేషియాలో 2016 నుంచి ఆ పాత కాలువలకు అడ్డుకట్టలు వేసి పీట్ నేలను మళ్ళీ తడపడం మొదలుపెట్టారు. మనిషి తవ్విన కాలువను మనిషే పూడ్చగలడు. రేపు మనలో కొందరు వ్యవసాయ అధికారులు, అటవీ ఉద్యోగులు, ఉపాధ్యాయులు అవుతారు. ఏదైనా పథకం కాగితం మన బల్ల మీదకు వచ్చిన రోజున, ఆ నేల తడి ఎక్కడికి పోతుందని, అక్కడి మనుషులు ఎక్కడికి పోతారని అడుగుదాం. ఈ హాస్టల్ చదువు మనకు ఆ ప్రశ్న అడిగే ధైర్యం ఇవ్వాలని కోరుకుంటున్నాము.